విశాఖపట్నంలో ఇంటివద్ద మేకల పెంపకం

ఇంటివద్ద మేకల పెంపకం అనగా ఒక కుటుంబం తన పెరటిలో గాని, ఇంటికి ఆనుకొని ఉన్న ఖాళీ స్థలంలో గాని రెండు నుండి పది వరకు మేకలను పాలకు, మాంసానికి, పిల్లల అమ్మకానికి మరియు ఎరువుకు పెంచుకొనుట. తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టగలగడం, త్వరగా పిల్లలు పెట్టడం, అవసరమైనప్పుడు ఒక్కొక్కటిగా అమ్ముకొనే వీలుండడం వలన మేకను "పేదవాని ఆవు" అని అంటారు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో సుమారు 14.9 కోట్ల మేకలు ఉన్నాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో గొర్రెల సంఖ్య మేకల సంఖ్య కన్నా ఎక్కువ.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం గల విశాఖపట్నంలో మేకల పెంపకానికి కొన్ని ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి. పచ్చిక బయళ్ళు తగ్గిపోవడం, సముద్రతీరపు తేమ, తుఫానులు, ఇరుకైన ఇళ్ళు వాటిలో ముఖ్యమైనవి. ఇక్కడ కొత్తగా పెంపకం మొదలుపెట్టేవారికి జాతి కన్నా మేత, పొడి నేల, ఆరోగ్యమైన జీవాల ఎంపిక అనే మూడు విషయాలు ముఖ్యం. మొదటి సంవత్సరంలో కలిగే నష్టాలలో ఎక్కువ భాగం వీటిలో ఏదో ఒక దానిని నిర్లక్ష్యం చేయడం వలన కలుగుతుంది.

నేపథ్యం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఈ పరిశ్రమల కొరకు, వాటి వెంట పెరిగిన కాలనీల కొరకు అనేక గ్రామాల సాగుభూములు, బంజర్లు, పచ్చిక బయళ్ళు తీసుకొనబడ్డాయి. భూమిని కోల్పోయిన కుటుంబాలలో అనేకం గాజువాక, పెదగంట్యాడ ప్రాంతాలలోని పునరావాస కాలనీలలో ఇళ్ళ స్థలాలలో స్థిరపడ్డాయి. పూర్వం మందను కొండవాలుకు గాని, చెరువు గట్టుకు గాని తోలుకొని పోయి మేపినవారికి అటువంటి చోటు లేకుండా పోయింది.

మహా విశాఖ నగరపాలక సంస్థ 2005లో ఏర్పడినప్పుడు గాజువాకతో పాటు చుట్టుపక్కల గ్రామాలు అనేకం నగరంలో కలిశాయి. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం కూడా చేరాయి. అందువలన నగర పరిధిలోనే పూర్తిగా పట్టణ ప్రాంతాలు, ఇంకా పెరడు, కల్లము, మామిడి తోట మిగిలి ఉన్న ఊళ్ళు రెండూ కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న పూర్వపు విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరుపడ్డాయి. నగరానికి మేకలను సరఫరా చేసే గ్రామీణ, ఏజెన్సీ ప్రాంతాలలో చాలా భాగం నేడు ఆ రెండు జిల్లాలలో ఉంది.

ప్రారంభానికి ముందు ఆలోచించవలసినవి

* మేక మంద జీవి. ఒంటరిగా ఉంచిన మేక అరుస్తూ, సరిగా మేయక చిక్కిపోతుంది. కనుక కనీసం రెండు మేకలతో మొదలుపెట్టాలి.
* అద్దె ఇంటిలో యజమాని అనుమతి, పక్క ఇంటివారి సమ్మతి ముందుగా పొందడం మంచిది. అరుపు, వాసన, పక్కవారి మొక్కలను కొరకడం తగాదాలకు సాధారణ కారణాలు.
* నగర పరిధిలో పశువులను ఉంచుటకు నగరపాలక సంస్థ నియమాలు వర్తిస్తాయి. వార్డు కార్యాలయంలో ముందుగా విచారించుకోవాలి. రోడ్డుపై వదిలిన జీవాలను నగరపాలక సిబ్బంది పట్టుకొనవచ్చును.
* కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యంలోను, రక్షిత అడవులలోను మేకలను మేపరాదు. ఆ కొండలలో చిరుతపులులు ఉన్నాయి. కొండ అంచున ఉన్న ఇళ్ళవారు రాత్రిపూట మేకలను తలుపు గల కొట్టంలోనే ఉంచాలి.
* ప్రతిరోజు ఉదయం, సాయంత్రం కలిపి కనీసం రెండు గంటల పని ఉంటుంది. ఇంటిల్లిపాది ఊరికి వెళ్ళినప్పుడు మేత వేసేవారు ఎవరో ముందే నిర్ణయించుకోవాలి.

జాతులు

విశాఖపట్నం పరిసరాలలో ఎక్కువగా కనిపించేవి ఏ ప్రత్యేక జాతికీ చెందని నాటు మేకలు. ఇవి మధ్యస్థ పరిమాణంలో నలుపు, గోధుమ, తెలుపు రంగులలో గాని, మచ్చలతో గాని ఉంటాయి. పాలు తక్కువగా ఇచ్చినప్పటికీ ఇక్కడి ఎండకు, తేమకు, దొరికిన ఆకుకు అలవాటుపడినవి. కొత్తవారికి ఇవే అనువైనవి.

గంజాం మేక: ఒడిషా దక్షిణ భాగంలోని గంజాం, గజపతి, రాయగడ ప్రాంతాలకు చెందిన గుర్తింపు పొందిన జాతి. విశాఖకు సమీప ప్రాంతపు జాతి ఇదే. పొడవైన కాళ్ళతో ఎత్తుగా, ఎక్కువగా నలుపు రంగులో ఉంటుంది. దీనిని ప్రధానంగా గొల్లలు మందలుగా పెంచుతారు. ఎక్కువ దూరం నడిచి మేయుటకు అలవాటుపడిన జాతి కనుక ఇరుకు పెరటికన్నా తిరుగుటకు చోటు గల గ్రామాలకు తగినది.

ఉస్మానాబాదీ: మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతపు జాతి. తెలంగాణలో కూడా ఎక్కువగా పెంచుతారు. చాలావరకు నల్లగా ఉంటుంది. మాంసానికి ప్రసిద్ధి. కవలలను ఈనడం సాధారణం.

బార్బరీ: ఉత్తర ప్రదేశ్ పశ్చిమ భాగపు పొట్టి జాతి. తెల్లని ఒంటిపై గోధుమ రంగు మచ్చలు, నిటారుగా నిలిచే చిన్న చెవులు ఉంటాయి. కట్టివేసి మేపుటకు బాగా అలవాటుపడుతుంది కనుక పట్టణాలలో పెంచుతారు. అయితే మేలైన పిల్లలను దూరం నుండి తెప్పించాలి.

జమునాపారి: ఉత్తర ప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతానికి చెందినది. ఉబ్బెత్తు ముక్కు, వేలాడే పొడవాటి చెవులు గల పెద్ద జాతి. పాలు ఎక్కువ. చూపునకు అందమైనది కావడం వలన కొత్తవారు దీనివైపు మొగ్గుతారు. కాని దీనికి మేత, స్థలం, శ్రద్ధ ఎక్కువ కావాలి. దూర ప్రయాణం వలన, తీరపు తేమ వలన తెచ్చిన కొత్తలో జబ్బుపడే అవకాశం ఉంది.

నల్ల బెంగాల్: తూర్పు భారతదేశపు చిన్న జాతి. ఒక ఈతలో రెండు, మూడు పిల్లలను పెడుతుంది. పాలు తక్కువ కావడం వలన మూడవ పిల్లకు సీసాతో పాలు పట్టవలసి రావచ్చు.

మేలు జాతిపై ఆసక్తి గలవారు నాటు మేకలతో ఒక సంవత్సరం అనుభవం సంపాదించి, పిదప మేలుజాతి పోతుతో వాటిని కట్టించి సంకర పిల్లలను పొందడం సురక్షితమైన మార్గం.

మేకల ఎంపిక

మేకలను సంతలో గాని, పెంపకందారు ఇంటివద్ద గాని కొనవచ్చును. కొత్తవారు ఇంటివద్ద కొనుటయే మేలు. అక్కడ తల్లిని, తోబుట్టువులను, కొట్టపు శుభ్రతను చూడవచ్చు. ఏ టీకాలు ఎప్పుడు వేయించారో అడగవచ్చు. సంతలో అనేక ఊళ్ళ జీవాలు ఒకచోట కలియుటచే అంటువ్యాధులు ఒకదాని నుండి మరొకదానికి వ్యాపిస్తాయి. చూచుటకు ఆరోగ్యంగా ఉన్న మేకకు కూడా అప్పటికే వ్యాధి సోకి ఉండవచ్చు.

వయస్సు గుర్తించుట

మేకకు ముందుపళ్ళు కింది దవడకు మాత్రమే ఉంటాయి. పై దవడకు గట్టి చిగురు ఉంటుంది. పళ్ళను బట్టి వయస్సును ఈ విధంగా అంచనా వేస్తారు.

* ఎనిమిది చిన్న పాలపళ్ళు: ఒక సంవత్సరం లోపు
* మధ్యలో రెండు పెద్ద పళ్ళు: సుమారు 1 నుండి 1½ సంవత్సరం
* నాలుగు పెద్ద పళ్ళు: సుమారు 2 సంవత్సరాలు
* ఆరు పెద్ద పళ్ళు: సుమారు 3 సంవత్సరాలు
* ఎనిమిది పెద్ద పళ్ళు: సుమారు 4 సంవత్సరాలు
* అరిగిన, కదిలిన, ఊడిన పళ్ళు: ముసలి మేక

రెండు లేదా నాలుగు పళ్ళు గల, ఒక ఈత ఈనిన ఆడమేక కొత్తవారికి ఉత్తమం. తొలిచూలు ఈతలో వచ్చే చిక్కులు దానికి గడిచిపోయి ఉంటాయి. పాలిచ్చే తీరు కూడా తెలుస్తుంది.

పరీక్షించవలసిన లక్షణాలు

* కళ్ళు మెరుస్తూ ఉండాలి. కింది రెప్పను తిప్పి చూచినప్పుడు లోపలి పొర గులాబి లేదా ఎరుపు రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు ఉన్నట్లు అనుమానించాలి.
* ముక్కు నుండి చీమిడి, నోటి చుట్టూ పొక్కులు, దగ్గు ఉండరాదు.
* తోక, వెనుక తొడలు శుభ్రంగా ఉండాలి. పేడ అంటుకొని ఉంటే పారుడు ఉన్నట్లే. ఆరోగ్యమైన మేక పెంటికలు గట్టిగా, విడివిడిగా ఉంటాయి.
* నాలుగు కాళ్ళపై సమంగా నడవాలి. గిట్టల మధ్య పుండ్లు, దుర్వాసన ఉండరాదు.
* పొదుగు మెత్తగా, రెండు చన్నులు సమానంగా ఉండాలి. గడ్డలు ఉన్న పొదుగు పనికిరాదు.
* పోతుకు రెండు వృషణాలు సమాన పరిమాణంలో, కిందికి దిగి ఉండాలి.
* మేత వేయగానే ముందుకు వచ్చి తినాలి. గుంపుకు దూరంగా తలవంచి నిలబడిన మేకను ధర తగ్గించినా కొనరాదు.

బరువు అంచనా

సంతలో బరువును చూపుతోనే అంచనా వేస్తారు. దీనివలన కొత్తవారు మోసపోయే అవకాశం ఉంది. కొలత టేపుతో ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుండి పిరుదు ఎముక వరకు పొడవును అంగుళాలలో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దానిని పొడవుతో గుణించి, 660తో భాగించినచో బరువు సుమారుగా కిలోలలో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 26, పొడవు 22 అంగుళాలు ఉన్న మేక బరువు సుమారు 22.5 కిలోలు.

కొన్న తరువాత

కొత్తగా తెచ్చిన మేకలను పాత మేకలతో వెంటనే కలుపరాదు. కనీసం మూడు వారాలు వేరుగా ఉంచాలి. ఈ కాలంలో నట్టల మందు వేయించి, పశువైద్యుని సలహాతో టీకాలు వేయించాలి. అమ్మినవారి వద్ద అలవాటైన మేతను అడిగి తెలుసుకొని, వారం పది రోజులలో కొద్దికొద్దిగా కొత్త మేతకు మార్చాలి.

కొట్టం

విశాఖ వాతావరణంలో మేకకు చలి వలన బాధ తక్కువ. తడి వలన బాధ ఎక్కువ. నైరుతి ఋతుపవనాలు జూన్‌లో మొదలై, వాటి తిరోగమనం, తుఫానులు కలిసి అక్టోబరు, నవంబరు వరకు వర్షాలు కొనసాగుతాయి. తడి నేలపై నిలిచిన మేకకు గిట్టల పుండ్లు, దగ్గు, నట్టలు వస్తాయి. మూత్రపు ఘాటు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

* స్థలం: ఒక్కొక్క ఆడమేకకు 10 నుండి 12 చదరపు అడుగులు, పోతుకు 20 చదరపు అడుగులు, పిల్లకు 4 నుండి 5 చదరపు అడుగులు కావాలి. దీనికి రెట్టింపు స్థలం తిరుగుటకు బయట ఉండాలి.
* నేల: భూమికి మూడు నాలుగు అడుగుల ఎత్తున కర్ర లేదా వెదురు బద్దలతో మంచె వలె నిర్మించడం మేలు. బద్దల మధ్య పెంటికలు జారిపడునంత సందు ఉండాలి. కాలు ఇరుక్కొనునంత ఉండరాదు. అర అంగుళం సందు సరిపోతుంది. మంచె కుదరనిచో గట్టిగా దిమ్మిస వేసిన ఎత్తైన మట్టి అరుగు ఉండాలి.
* పైకప్పు: తాటాకు కప్పు చల్లగా ఉంటుంది. రేకుల కప్పు వేసినచో ఎత్తుగా వేసి, వేసవిలో పైన కొబ్బరి మట్టలు పరచాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను నగరంలో లెక్కలేనన్ని చెట్లను, పైకప్పులను కూల్చింది. కనుక రేకులను కొక్కెములతో బిగించి, తాళ్ళతో నేలకు కట్టాలి. తుఫాను హెచ్చరిక రాగానే మేకలను చెట్ల కింద నుండి, రేకుల పాకల నుండి గట్టి భవనంలోకి మార్చి, మూడు రోజులకు సరిపడే ఎండుమేత, నీరు నిల్వ చేసుకోవాలి.
* గాలి: గోడలు సగం ఎత్తు వరకు ఉండి, పైన జాలీ ఉండాలి. వాన జల్లు వచ్చే వైపు గోనె పరదా వేసుకోవచ్చు.

మేత

మేక స్వభావరీత్యా పచ్చికను మేసేది కాదు, ఆకులను కొరికేది. తల ఎత్తి కొమ్మ చివర లేత ఆకులను తినుటకు ఇష్టపడుతుంది. కనుక మేతను నేలపై వేయక కట్టగా కట్టి తల ఎత్తున వేలాడదీయాలి. నేలపై పడి తొక్కిన ఆకును మేక ముట్టదు. తొక్కిన మేత ద్వారా నట్టల గుడ్లు కడుపులోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

మేకకు రోజుకు తన బరువులో 3 నుండి 4 శాతం ఎండు పదార్థం కావాలి. 25 కిలోల ఆడమేకకు సుమారు 2 కిలోల పచ్చి ఆకు, 300 గ్రాముల ఎండుమేత, 150 నుండి 200 గ్రాముల దాణా సరిపోతాయి. చూలుతో ఉన్న చివరి రెండు నెలలు, పాలిచ్చే కాలం దాణాను పెంచాలి. వృథా అయ్యే దానిని లెక్కలోకి తీసుకొని పచ్చిమేతను మరికొంత ఎక్కువ వేయాలి.

పచ్చిమేత: పనస, మర్రి, రావి, వేప, తుమ్మ, రేగు, మునగ, అవిశ, సుబాబుల్ ఆకులు మేకలు ఇష్టంగా తింటాయి. ఉత్తరాంధ్రలో పనస చెట్లు విస్తారం కనుక ఆ ఆకు సులభంగా దొరుకుతుంది. సుబాబుల్‌లో మాంసకృత్తులు ఎక్కువ. కాని అందులోని మైమోసిన్ అను పదార్థం అధికమైనచో వెంట్రుకలు రాలడం వంటి లక్షణాలు వస్తాయి. కనుక మొత్తం మేతలో మూడవ వంతు మించరాదు.

ఎండుమేత: వేరుశనగ కట్టె, మినప, పెసర పొట్టు మంచివి. వరిగడ్డిలో పోషక విలువ తక్కువ. మేకలు అంతగా ఇష్టపడవు.

దాణా: మొక్కజొన్న లేదా నూకలు, తవుడు, వేరుశనగ చెక్క, పప్పుల పొట్టు కలిపి ఇంటివద్దనే తయారు చేసుకోవచ్చు. ఇందులో 2 శాతం ఖనిజ లవణ మిశ్రమం, 1 శాతం ఉప్పు కలపాలి. శుభ్రమైన నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి. ఒక మేక రోజుకు 3 నుండి 5 లీటర్ల నీరు త్రాగుతుంది. వేసవిలో ఇంకా ఎక్కువ త్రాగవచ్చు.

మేపుటకు చోటు లేని నగరంలో మేతకు ఏర్పాటు మేకల కన్నా ముందు జరగాలి. పెరటి కంచె వెంట అవిశ, మునగ, సుబాబుల్ నాటి, సుమారు ఆరు నెలలు గడచి కొమ్మలు కోతకు వచ్చిన పిదప మేకలను తేవడం మంచి పద్ధతి. మేకల సంఖ్యను ఆ చెట్ల నుండి, నమ్మకంగా దొరికే ఇతర ఆకు నుండి వచ్చే మేతను బట్టి నిర్ణయించాలి.

పట్టణపు మేతలో ప్రమాదాలు

* మిగులు అన్నం: పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో మిగిలిన అన్నాన్ని ప్రేమతో గిన్నెల కొద్దీ పెట్టడం పట్టణాలలో మేకల మరణానికి ఒక ముఖ్య కారణం. అన్నం, బియ్యం, పిండి వంటివి ఒక్కసారిగా ఎక్కువ తిన్నచో కడుపులో వేగంగా పులిసి ఆమ్లము పెరుగుతుంది. మేక మేత మాని, పళ్ళు కొరుకుతూ, నీళ్ళ విరేచనాలతో ఒకటి రెండు రోజులలో చనిపోవచ్చు. ఇటువంటప్పుడు వెంటనే పశువైద్యుని సంప్రదించాలి.
* ప్లాస్టిక్ సంచులు: కూరగాయల తొక్కలతో పాటు మింగిన సంచులు కడుపులో ఉండలుగా చేరి మేత కదలికను ఆపుతాయి. చెత్తకుప్పల వద్దకు మేకలను వదలరాదు.
* విషపు మొక్కలు: గన్నేరు కొద్ది ఆకులతోనే ప్రాణం తీస్తుంది. అలంకారానికి పెంచే కంచె మొక్కలను కత్తిరించి వేసేటప్పుడు జాగ్రత్త వహించాలి. లేత జొన్న పైరు, కర్రపెండలం ఆకు కూడా విషపూరితం కావచ్చు.
* పురుగుమందు చల్లిన కూరగాయల మళ్ళు, తోటల నుండి తెచ్చిన మేత వేయరాదు.

ప్రత్యుత్పత్తి

ఆడమేక ఆరేడు నెలల వయస్సులోనే ఎదకు రావచ్చు. కాని ఎదుగుదల పూర్తి కాక ముందే చూలు కట్టినచో తల్లి, పిల్ల రెండూ బలహీనపడతాయి. కనుక 10 నుండి 12 నెలల వయస్సు, తగిన బరువు వచ్చిన తరువాతనే పోతుతో కలపాలి. ఎద 18 నుండి 21 రోజులకు ఒకసారి వచ్చి ఒకటి రెండు రోజులు ఉంటుంది. తోక తరచుగా ఊపడం, ఎడతెగక అరవడం, మానం వాచి జిగట కారడం ఎద లక్షణాలు.

చూలు కాలం సుమారు 150 రోజులు. రెండు సంవత్సరాలలో మూడు ఈతలు సాధించవచ్చు. రెండు మూడు మేకలకు సొంతంగా పోతును పెంచుట లాభదాయకం కాదు. దాని వాసన కూడా ఇరుగుపొరుగుకు ఇబ్బంది. ఎదలో ఉన్నప్పుడు మంచి పోతు ఉన్నవారి వద్దకు తీసుకొని పోవచ్చు. ఒకే పోతును దాని కూతుళ్ళతో కలిపినచో పిల్లలు బలహీనంగా పుడతాయి. అమ్మకానికి పెంచే పోతుపిల్లలకు రెండు నుండి నాలుగు నెలల వయస్సులో పశువైద్యునిచే విత్తులు కొట్టించాలి.

పిల్లల సంరక్షణ

పుట్టిన వెంటనే ముక్కు, నోటిపై ఉన్న పొరను తుడవాలి. బొడ్డుతాడును రెండు అంగుళాలు వదలి, శుభ్రమైన దారంతో కట్టి, కత్తిరించి, అయోడిన్ పూయాలి. పుట్టిన గంటలోపు జున్నుపాలు త్రాగించుట అత్యవసరం. తల్లి నుండి వ్యాధినిరోధక శక్తి పిల్లకు గర్భంలో అందదు. జున్నుపాల ద్వారా మాత్రమే అందుతుంది. మొదటి రోజున పిల్ల బరువులో పదవ వంతు జున్నుపాలు మూడు నాలుగు దఫాలుగా అందాలి. రెండు కిలోల పిల్లకు ఇది సుమారు 200 మిల్లీలీటర్లు.

రెండు మూడు వారాల నుండి లేత ఆకు, కొద్దిగా దాణా అలవాటు చేసి, మూడు నెలలకు పాలు మాన్పించవచ్చు. ఇంటివారు పాలను పూర్తిగా పిండుకొని పిల్లలను ఆకలితో ఉంచడం పొరపాటు. పిల్ల ఎదుగుదలే ఇంటి పెంపకంలో ప్రధాన ఆదాయం.

వ్యాధులు, టీకాలు

ఆరోగ్యమైన మేక శరీర ఉష్ణోగ్రత 101.5 నుండి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది.

పారుడు రోగం: దీనిని పి.పి.ఆర్. అని కూడా అంటారు. వైరస్ వలన వచ్చే ఈ అంటువ్యాధి భారతదేశంలో మొదట 1987లో తమిళనాడులో గుర్తించబడింది. తీవ్రమైన జ్వరం, కళ్ళు ముక్కుల నుండి చీమిడి, నోటిలో పుండ్లు, దుర్వాసనతో కూడిన విరేచనాలు, న్యుమోనియా దీని లక్షణాలు. టీకా లేని మందలో ఇది ప్రవేశించినచో కొద్ది రోజులలో సగానికి పైగా జీవాలు చనిపోవచ్చు. టీకా ఒకసారి వేయించినచో సుమారు మూడు సంవత్సరాలు రక్షణ ఇస్తుంది. సంతలో కొన్న ఒక్క మేక ద్వారా ఇంటి మేకలన్నిటికీ వ్యాధి సోకవచ్చు గనుక పైన చెప్పిన మూడు వారాల వేర్పాటును తప్పక పాటించాలి.

చిటుక రోగం: తొలకరి వానల తరువాత లేత పచ్చికను ఆబగా మేసిన జీవాలు, ముఖ్యంగా బలంగా ఉన్న పిల్లలు, హఠాత్తుగా గిలగిల కొట్టుకొని చనిపోతాయి. వర్షాకాలానికి ముందు ఏటా టీకా వేయించాలి.

గాలికుంటు, గొంతువాపు, బొబ్బ రోగం: వీటికి కూడా టీకాలు ఉన్నాయి. ఆ ప్రాంతంలో వ్యాధి ఉనికిని బట్టి పశువైద్యుడు సూచిస్తారు.

నట్టలు: తేమ గల తీరప్రాంతంలో ఇవి నిత్య సమస్య. వర్షాలకు ముందు ఒకసారి, వర్షాల తరువాత ఒకసారి మందు త్రాగించాలి. మోతాదు బరువును బట్టి ఉండాలి. తక్కువ మోతాదు తరచుగా ఇచ్చినచో నట్టలు మందుకు లొంగకుండా పోతాయి. చూలు మేకలకు ఏ మందు సురక్షితమో వైద్యుని అడగాలి.

పిడుదులు, గోమార్లు: రక్తం పీల్చి మేకలను నీరసింపజేస్తాయి. జీవాలతో పాటు కొట్టపు పగుళ్ళలో కూడా మందు చల్లాలి.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2022 మే నెలలో సంచార పశువైద్య వాహనాల సేవ ప్రారంభమైంది. ఈ సేవకు 1962 నంబరుకు ఫోను చేయాలి.

మనుషులకు సోకే వ్యాధులు

దొమ్మ రోగం: దీనినే ఆంత్రాక్స్ అంటారు. విశాఖ ఏజెన్సీ మండలాలలో 2000 తరువాతి సంవత్సరాలలో పలుమార్లు ఈ వ్యాధి గిరిజనులకు సోకింది. చనిపోయిన జీవాలను కోయడం, ఆ మాంసాన్ని పంచుకొని తినడం దీనికి ముఖ్య కారణం. పేద కుటుంబానికి చనిపోయిన మేక పోయిన పెట్టుబడి. కనీసం మాంసమైనా దక్కాలనే ఆలోచన సహజం. కాని దాని ఫలితం ప్రాణాంతకం కావచ్చు. మేక హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారినచో దానిని కోయరాదు, చర్మం తీయరాదు. పశువైద్యునికి తెలిపి, ఆరు అడుగుల లోతు గోతిలో సున్నం వేసి పూడ్చాలి. మనిషి చర్మంపై నొప్పి లేని పుండు ఏర్పడి మధ్యలో నల్లగా మారినచో వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సకాలంలో వైద్యం అందినచో చర్మపు ఆంత్రాక్స్ నయమవుతుంది.

బ్రుసెల్లా: చూలు మేకలు ఈడ్చుకొనిపోవుటకు కారణమయ్యే ఈ వ్యాధి పచ్చిపాల ద్వారా, ఈడ్చిన పిండాన్ని, మాయను చేతులతో తాకడం ద్వారా మనుషులకు సోకుతుంది. మేకపాలను తప్పక కాచి త్రాగాలి. పురుడు పోసేటప్పుడు చేతితొడుగులు వాడాలి. గర్భిణీ స్త్రీలు ఈ పనికి దూరంగా ఉండాలి.

రేబిస్: పిచ్చికుక్క కరచిన మేక పాలు, మాంసం వాడరాదు. దాని నోటిలో చేయి పెట్టినవారు వైద్యుని సంప్రదించాలి.

ఖర్చు, ఆదాయం

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2020 డిసెంబరులో ప్రారంభించిన జగనన్న జీవక్రాంతి పథకంలో 14 ఆడజీవాలు, ఒక పోతు కలిపి ఒక యూనిట్‌గా నిర్ణయించి, రవాణా, బీమాతో సహా 75,000 రూపాయల విలువ కట్టారు. అనగా అప్పటి లెక్క ప్రకారం ఒక్కొక్క జీవానికి 5,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వపు జాతీయ పశుసంపద మిషన్ క్రింద 2021 నుండి అమలైన రాయితీ పథకం వంద ఆడజీవాలు, ఐదు పోతులు మరియు అంతకు మించిన యూనిట్లకు ఉద్దేశించినది. అది ఇంటి పెంపకానికి వర్తించేది కాదు.

చిన్న పెంపకంలో లెక్క ఈ విధంగా వేసుకోవచ్చు. రెండు ఆడమేకలు రెండు సంవత్సరాలలో మూడేసి సార్లు ఈని, ఈతకు సగటున ఒకటిన్నర పిల్లలను పెట్టినచో తొమ్మిది పిల్లలు వస్తాయి. వాటిలో రెండు చనిపోయినా ఏడు మిగులుతాయి. ఒకటి రెండు ఆడపిల్లలను మందకు ఉంచుకొని తక్కినవి అమ్మవచ్చును. ఆకు మొత్తం కొనవలసి వచ్చినచో ఈ లాభం మేతకే సరిపోతుంది. సొంత చెట్ల మేత, ఇంటివారి శ్రమ ఉన్నప్పుడే గిట్టుబాటు అవుతుంది.

అమ్మకపు కాలాన్ని ముందుగా ఆలోచించి ఈతలను సర్దుకొనవచ్చు. సంక్రాంతి కనుమ, ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యనాటి అనకాపల్లి నూకాంబిక జాతర, గ్రామదేవతల పండుగలు, దసరా సమయాలలో గిరాకీ ఎక్కువ. బక్రీదుకు ఏడాది నిండిన, అంగవైకల్యం లేని పోతులను కోరుతారు. బీమా చేయించిన మేకకు చెవిపోగు వేస్తారు. మేక చనిపోయినచో పూడ్చుటకు ముందే సంస్థకు తెలియజేసి, చెవిపోగును చూపవలసి ఉంటుంది.

పెంటికలు మంచి ఎరువు. రెండు మూడు నెలలు కుప్పవేసి మాగనిచ్చిన పిదప కూరగాయలకు, పూలమొక్కలకు వాడవచ్చు. మేతచెట్ల మొదళ్ళకు వేసినచో తిరిగి మేత రూపంలో లభిస్తుంది.

సంవత్సరంలో చేయవలసిన పనులు

* జనవరి, ఫిబ్రవరి: గిట్టలు కత్తిరించడం, కొట్టపు మరమ్మతులు, గోడలకు సున్నం వేయడం
* మార్చి నుండి మే వరకు: నీడ, నీరు, మధ్యాహ్నం బయటకు వదలకుండుట, ఎండుమేత నిల్వ
* మే చివర, జూన్: చిటుక రోగం టీకా, నట్టల మందు, మేతమొక్కలు నాటుట
* జూలై నుండి సెప్టెంబరు వరకు: మంచెను పొడిగా ఉంచుట, గిట్టల పరీక్ష, తడిసిన ఆకును ఆరబెట్టి వేయుట
* అక్టోబరు, నవంబరు: తుఫాను జాగ్రత్తలు, కప్పు బిగింపు
* డిసెంబరు: వర్షాల తరువాతి నట్టల మందు, పారుడు రోగం టీకా వేయని జీవాలకు వేయించుట, అమ్మదగిన పోతులను వేరుచేయుట